బండి లేపారు, మరి రోడ్డు ఊడ్చేదెవరు?

రోడ్డు ప్రమాదం జరిగిన చోటికి అందరికన్నా చివర వచ్చేది క్రేన్. అంతకుముందే 108 వచ్చి క్షతగాత్రుల్ని తీసుకెళ్లి ఉంటుంది. పోలీసులు ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని ఉంటారు. క్రేన్ నుజ్జయిన బండిని ఎత్తుకుపోగానే అప్పటిదాకా ఆగిన ట్రాఫిక్ ఒక్కసారిగా కదులుతుంది. ప్రమాదం అక్కడితో ముగిసిందనుకుంటారు అందరూ. రోడ్డు మీద మాత్రం చాలా మిగిలిపోతుంది. పక్క అద్దాల గాజు పెంకులు, విరిగిన బంపర్, హెడ్‌లైట్ చిప్పలు, పదునైన ఇనుప రేకులు, ఇంజిన్ ఆయిల్, బ్యాటరీ యాసిడ్, లారీ అయితే జారిపోయిన ఇసుకో కంకరో. ఇవన్నీ తీయాల్సింది ఎవరు? గుద్దినవాడా, బండి యజమానా, పోలీసులా, క్రేన్ వాళ్లా, రోడ్డు వేసిన శాఖా, టోలు వసూలు చేసే కంపెనీయా, ఊరి పారిశుధ్య సిబ్బందా? మన చట్టంలో దీనికి సగం జవాబు ఉంది. ఆచరణలో ఆ సగం కూడా కనిపించదు.

ఇది చిన్న విషయమని కొట్టిపారేసేవారు ముందు గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. కారు టైరు కింద గాజు పెంకు పడితే మహా అయితే పంక్చరవుతుంది. ఆయిల్ మరక మీద బైక్ ముందు చక్రం పడితే మనిషి కింద పడతాడు, వెనక వచ్చే లారీ కిందికి వెళ్లిపోతాడు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో దాదాపు 44 శాతం ద్విచక్రవాహనాల మీద వెళ్తున్నవారే. అదే నివేదికలో ఢీకొన్న తీరును బట్టి చేసిన వర్గీకరణ ఉంది. వెనకనుంచి గుద్దుకున్నవి ఐదింట ఒక వంతుకు పైనే ఉన్నాయి. ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొన్నవి, ఎదురెదురుగా ఢీకొన్నవి, బోల్తాపడినవి, అన్నిటికీ వరుసలున్నాయి. పాత ప్రమాదం వదిలిన ముక్కల వల్ల జరిగిన కొత్త ప్రమాదాలకు మాత్రం వరుస లేదు. వరుస లేకపోతే లెక్క ఉండదు, లెక్క లేనిదానికి బడ్జెట్ కూడా రాదు. అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ ఈ లెక్క తీసింది. 2011 నుంచి 2014 వరకు నాలుగేళ్లలో రోడ్డు మీద పడి ఉన్న వస్తువుల పాత్ర ఉన్న ప్రమాదాలు రెండు లక్షలకు పైగా నమోదయ్యాయని, వాటిలో 500 మందికి పైగా చనిపోయారని 2016లో ప్రకటించింది. అందులో బళ్లమీంచి జారిపడిన సరుకూ కలిసి ఉంది. అయినా అంత శుభ్రంగా ఉంచే రోడ్ల మీదే అన్ని ప్రమాదాలంటే, మన రోడ్ల సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు.

మన దగ్గర ఈ సమస్యను అత్యంత ఘోరంగా చూపించింది కర్నూలు ఘటన. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున, 44వ నంబరు జాతీయ రహదారిలో చిన్నటేకూరు దగ్గర, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కాలిపోయింది. బస్సులోని 19 మంది సజీవ దహనమయ్యారు. ఆ బస్సు ఏ బండినీ ఎదురుగా గుద్దలేదు. అంతకు కొద్దిసేపటి ముందే ఒక బైక్ డివైడర్‌ను ఢీకొంది. నడుపుతున్న యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. వెనక కూర్చున్న వ్యక్తి మృతదేహాన్ని పక్కకు లాగాడని, బైక్‌ను తీసేలోపే బస్సు వచ్చి దాన్ని కిందికి లాక్కుని ఈడ్చుకుపోయిందని, అప్పుడు లేచిన మంటలే బస్సును చుట్టుముట్టాయని పోలీసుల దర్యాప్తులో తేలింది. తర్వాత చర్చంతా బస్సు అనుమతులు, సీటింగు మార్పులు, తలుపులు, మద్యం మీద జరిగింది. అవన్నీ జరగవలసిన చర్చలే. కానీ రోడ్డు మధ్యలో పడి ఉన్న ఒక బైక్ అన్ని ప్రాణాలు తీసిందన్న అసలు సంగతి మీద ఎవరూ ఎక్కువసేపు నిలబడలేదు.

ఆ తొలి నిమిషాల్లో ఏ శాఖా అక్కడికి చేరలేదు. అప్పుడు రోడ్డును కాపాడగలిగేది అక్కడున్న మనుషులే: గాయపడని ప్రయాణికుడు, వెనక వచ్చిన లారీ డ్రైవరు, పక్కనున్న టీ కొట్టతను. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ ఇలాంటి మంచి మనుషులకు రక్షణ ఇచ్చింది. సాయం చేసినందుకు సివిల్, క్రిమినల్ కేసులు వాళ్ల మీదికి రావు. అయితే చట్టం చెప్పే సాయం బాధితుడికి చేసే సాయం. బాధితుణ్ని ఆసుపత్రికి చేర్చినవాడికి రక్షణ స్పష్టంగా ఉంది. వెనక వచ్చేవాళ్ల కోసం రోడ్డు మీది బైక్‌ను పక్కకు ఈడ్చినవాడికి ఆ మాటల్లో స్పష్టమైన చోటు లేదు. "సాక్ష్యం చెరిపావు" అంటారేమోనన్న భయంతో జనం చేతులు కట్టుకుని నిలబడతారు. కర్నూలు తర్వాత సవరించవలసిన మొదటి వాక్యం ఇదే.

ఇక చట్టంలో ఉన్న సగం జవాబు చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రమాదం చేసిన డ్రైవరుకు రెండు ముఖ్య బాధ్యతలు పెట్టింది: గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు సమాచారం ఇవ్వటం. రోడ్డు శుభ్రం చేయమని అందులో లేదు. 127వ సెక్షన్ ప్రకారం ధ్వంసమైన, కాలిపోయిన, విడిభాగాలు ఊడిపోయిన వాహనం ట్రాఫిక్‌కు ప్రమాదంగా ఉంటే, ఆ ప్రాంతపు పోలీసు అధికారి వెంటనే తీయించవచ్చు, ఖర్చు యజమానిది. 201వ సెక్షన్ ట్రాఫిక్‌కు అడ్డంగా బండి ఉంచినవారికి జరిమానా చెబుతుంది. 2019 సవరణతో అది 500 రూపాయలయింది. ప్రమాదానికి గురైన వాహనాలకు తనిఖీ తంతు ముగిసిన తర్వాతే జరిమానా లెక్క మొదలవుతుందని అందులోనే ఒక మినహాయింపు ఉంది. ఈ సెక్షన్లన్నిటి దృష్టీ వాహనం మీదే. వాహనంలోంచి ఊడిపడిన వాటి గురించి ఒక్క మాటా లేదు.

ఆ ఖాళీని కొంత పూడ్చగలిగేది కొత్త నేరశాసనం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ప్రకారం, తన ఆధీనంలోని వస్తువును చక్కబెట్టకుండా వదిలేసి బహిరంగ మార్గంలో ప్రమాదమో ఆటంకమో కలిగించినవారికి 5,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది 200 రూపాయలుండేది. ఈ మాటలు గాజు పెంకులకూ, జారిన కంకరకూ, ఆయిల్‌కూ చక్కగా వర్తిస్తాయి. రోడ్డుకు అడ్డంగా నిలిపిన తోపుడు బండి మీద ఈ సెక్షన్ పెట్టటం అందరూ చూసిందే. ప్రమాదం తర్వాత పెంకులు వదిలేసి వెళ్లిన కారు యజమాని మీద పెట్టారంటే అది వార్తే.

సుప్రీంకోర్టు మాత్రం ఈ విషయంలో చాలా ముందే దారి చూపింది. 1987 అక్టోబరులో మహారాష్ట్రలో, పుణె నుంచి బెంగళూరు వైపు వెళ్లే జాతీయ రహదారిలో, పెట్రోలు ట్యాంకరు ఒక లారీని ఢీకొని రోడ్డు పక్కన బోల్తాపడింది. పెట్రోలు కారుతూనే ఉంది. దాదాపు నాలుగు గంటల తర్వాత అది పేలి, అక్కడ గుమికూడిన జనంలో కొందరు చనిపోయారు. ట్యాంకరు అప్పటికి కదలటం లేదు, ప్రమాదం ఎప్పుడో అయిపోయింది, మాకేం సంబంధమని యజమాని వాదించాడు. శివాజీ దయాను పాటిల్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1991లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఢీకొనటం, పెట్రోలు కారటం, పేలటం ఒకదాన్నొకటి తెచ్చిపెట్టినవేనని, అది కూడా మోటారు వాహనం వాడకం వల్ల కలిగిన ప్రమాదమేనని చెప్పింది. అంటే బండి ఆగిపోయినంత మాత్రాన యజమాని బాధ్యత ఆగిపోదు. రోడ్డు మీద మిగిలిన ముక్కల విషయానికి ఇంతకన్నా బలమైన పునాది ఇంకోటి అక్కర్లేదు. న్యాయవాదులు ఈ తీర్పును ఇటువైపు ఇంకా ఎక్కువగా వాడాలి.

కష్టం ఎక్కడొస్తుందంటే రుజువు దగ్గర. రాత్రి జరిగిన ప్రమాదపు ఆయిల్ మరక మీద పొద్దున పాలకు వెళ్లే మనిషి జారిపడితే, ఆ ఆయిల్ ఏ నంబరు బండిదో ఎవరు చెప్పాలి? బండి ఏదో తేలకపోతే కుటుంబానికి మిగిలే ఆశ హిట్ అండ్ రన్ పథకం. 2022 ఏప్రిల్ నుంచి అందులో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇస్తారు. కానీ ఆయిల్ మీద జారినవాణ్ని ఆ పథకం కిందికి తేవటానికి ఎంత వాదించాలో! చాలామటుకు ఎఫ్‌ఐఆర్‌లో "అదుపు తప్పి పడిపోయాడు" అన్న ఒక్క ముక్కతో తప్పంతా పడినవాడిదే అవుతుంది.

బీమా పాలసీ కాగితం తీసి చూస్తే ఇదే లోటు కనిపిస్తుంది. ప్రైవేటు కారు ప్రామాణిక పాలసీలో, దెబ్బతిన్న బండిని దగ్గర్లోని మెకానిక్ షెడ్డుకు చేర్చటానికి 1,500 రూపాయల దాకా ఇస్తామని రాసి ఉంటుంది. ఆ బండి వదిలిన చెత్త ఎత్తటానికి అందులో చోటు లేదు. థర్డ్ పార్టీ బీమా ఇతరుల ఆస్తి నష్టాన్ని భరిస్తుంది. రోడ్డు ప్రభుత్వ ఆస్తి కాదా? దాన్ని ఆయిల్‌తో పాడుచేస్తే నష్టం కాదా? జర్మనీ ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది. రోడ్డు మీద ఆయిల్ చారలు పడితే అది రోడ్డు ఆస్తికి నష్టమేనని, శుభ్రం చేసిన ఖర్చును వాహన యజమాని నుంచి, అతని బీమా కంపెనీ నుంచి రోడ్డు యాజమాన్యం వసూలు చేసుకోవచ్చని అక్కడి ఫెడరల్ అత్యున్నత న్యాయస్థానం 2011లో తీర్పు చెప్పింది. రోడ్డు మీద అడ్డు పెట్టినవాడు దాన్ని వెంటనే తొలగించాలని అక్కడి ట్రాఫిక్ నియమావళి కూడా చెబుతుంది. జపాన్ చట్టం డ్రైవరు మీదే మొదటి బరువు పెట్టింది. ఆగాలి, గాయపడినవారిని ఆదుకోవాలి, రోడ్డు మీద మరో ప్రమాదం జరక్కుండా తగిన చర్య తీసుకోవాలి. మన 134వ సెక్షన్‌లో లేని ఆ మూడో బాధ్యత వాళ్ల 72వ అధికరణంలో ఉంది.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది కాలిఫోర్నియా పద్ధతి. అక్కడి వాహన చట్టం 27700వ సెక్షన్ ప్రకారం, టోయింగ్ బండిలో చీపురు, పార, మంటలార్పే పరికరం తప్పనిసరిగా ఉండాలి. బండిని లాక్కెళ్లే మనిషే అది రోడ్డు మీద రాల్చిన గాజునూ ముక్కలనూ తీసెయ్యాలి, ఆయిల్ పడిన చోట మట్టి చల్లాలి. ఫ్లోరిడా వంటి ఇతర రాష్ట్రాల్లోనూ ధ్వంసమైన బండిని తీసినవాడే గాజు తీయాలన్న నిబంధన ఉంది. దీని గొప్పతనం సరళతలో ఉంది. తప్పెవరిదో తేలటానికి ఏళ్లు పట్టవచ్చు, క్రేన్ ఎవరిదో అక్కడికక్కడే తెలుస్తుంది. జార్జియా రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. పెద్ద లారీలు పడిపోయినప్పుడు ఆదేశం అందిన 90 నిమిషాల్లోపు దారి తెరిచిన సంస్థలకు అదనపు సొమ్ము ఇస్తుంది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ దృశ్యం బాగా పరిచయమే. దారి తెరిచాక అటు వెళ్తే అక్కడేం జరిగిందో చాలాసార్లు ఆనవాలు కూడా దొరకదు.

మన దగ్గర జరిగేదేమిటో చూడండి. హైవే మీద బండి పడగానే చుట్టుపక్కలవాళ్లు రాళ్లు తెచ్చి వరుసగా పెడతారు, వేపకొమ్మలు విరిచి అడ్డం వేస్తారు. ఆ క్షణంలో అది ప్రాణాలు కాపాడే పని. కానీ లారీ వెళ్లిపోయాక ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. కొత్త కార్లతో ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణం ఇవ్వాలని కేంద్ర నిబంధన ఉన్నా, డిక్కీలో దాని పెట్టె తెరిచి చూసినవాళ్లే తక్కువ. ఆ తర్వాత ఎస్సైగారు వస్తారు, కానిస్టేబులో హోంగార్డో పెద్ద ముక్కల్ని కాలితో మార్జిన్‌లోకి నెడతాడు. మార్జిన్ అంటే మన ఊళ్లలో సైకిళ్లు, నడిచేవాళ్లు, బైకులు వెళ్లే జాగా. కారు దారిలోంచి తీసిన గాజు బైకు దారిలోకి చేరుతుంది. ఆయిల్ మీద ఫైరింజనుతో నీళ్లు కొడితే ఆయిల్ పోదు, పలచగా ఇంకాస్త దూరం పరుచుకుంటుంది. దాన్ని పీల్చేది ఇసుక, రంపపు పొట్టు, పొడి మట్టి. చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి ఎత్తేయాలి. చల్లి వదిలేసిన ఇసుక కూడా రెండో రోజుకు జారుడే. ఇది తెలిసిన కానిస్టేబుళ్లున్నారు. వాళ్లకు ఇసుక బస్తా, పార, చేతి తొడుగులు ఇచ్చే పద్దు మాత్రం లేదు. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో గాజు ఏరుతున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ ఫొటో పత్రికల్లో వచ్చినప్పుడల్లా అందరం మెచ్చుకుంటాం. అతన్ని మెచ్చుకోవలసిందే, కానీ ఆ పని అతనిది కాదు.

అసలు పనివాడెవరంటే రోడ్డు ఎవరిదో ఆ సంస్థ. ఇక్కడే మన చిక్కుముడి. జాతీయ రహదారి కేంద్ర రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐది, కొన్నిచోట్ల అది కేంద్రం తరఫున రాష్ట్ర శాఖ చేతిలో ఉంటుంది. రాష్ట్ర రహదారి ఆర్ అండ్ బిది, పల్లె దారి పంచాయతీరాజ్‌ది, ఊళ్లోకి రాగానే మున్సిపాలిటీది. ఒకే ప్రయాణంలో నలుగురు యజమానులు మారతారు. టోలు రోడ్లలో నిర్వహణ ఒప్పందం ప్రకారం గస్తీ బండి, అంబులెన్సు, క్రేన్ ఉంచాలి. 1033కు ఫోన్ చేస్తే అవి వస్తాయి. 158 కిలోమీటర్ల హైదరాబాద్ నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డును 2023లో 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్ల లీజుకిచ్చారు. అంత రోడ్డుకూ నిర్వాహకుడు ఒక్కడే కాబట్టి అక్కడ అడగటానికి మనిషి ఉన్నాడు. అయితే ఔటర్ ప్రధాన దారిలోకి ద్విచక్రవాహనాలను రానివ్వరు. ముక్కల వల్ల ఎక్కువ ప్రాణాపాయం ఉన్న బైకులవాళ్లు తిరిగేదేమో ఏ గస్తీ బండీ రాని ఆర్ అండ్ బి రోడ్డు మీద, మండల కేంద్రం దాటాక చీకటి మలుపులో. ప్రమాదం ఎక్కడ ఎక్కువో అక్కడే చీపురు లేదు. ఈ సమస్యలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

2019లో వచ్చిన 198ఎ సెక్షన్, రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మరణమో అంగవైకల్యమో కలిగితే అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా అంటుంది. పెంకులు తీయకపోవటం నిర్వహణ లోపమే కదా అని వాదించవచ్చు. కానీ ఎంతసేపట్లో తీయాలన్నది అన్ని రోడ్లకూ ఒకేలా రాసిపెట్టకపోతే లోపం ఎక్కడ మొదలైందో తేల్చలేం. గంటా? పూటా? రాష్ట్ర రోడ్లకు ఆ గడువు ప్రభుత్వ ఉత్తర్వుగా రావాలి.

పోలీసుల వైపునుంచి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మరణం జరిగిన చోట ప్రతి ముక్కా సాక్ష్యమే. బ్రేకు గుర్తులు, గాజు పడిన చోటు, బండి తిరిగిన దిశ, వీటిని బట్టే తప్పెవరిదో తేలుతుంది. తొందరపడి ఊడ్చేస్తే బాధిత కుటుంబమే నష్టపోతుంది. నిజమే. కానీ సాక్ష్యం సేకరించటానికి పట్టేది నిమిషాలు, రోజులు కాదు. ఐఐటీ మద్రాసు రూపొందించిన ఈ-డార్ అనే ప్రమాద నమోదు వ్యవస్థలో ప్రమాద స్థలంలోనే ఫొటోలు, వివరాలు ఫోన్‌లో ఎక్కిస్తున్నారు. వాహన తనిఖీ తంతు పూర్తయ్యాక 24 గంటల్లో బండిని తిరిగి ఇవ్వాలని 136వ సెక్షన్ ఉంది. సాక్ష్యం తీసుకున్నాం, ఇక ఊడ్చవచ్చు అని చెప్పే అధికారి ఒకరుండాలి, ఆ సమయం పంచనామాలో రాయాలి. రోడ్డు శుభ్రమైన సమయం కూడా అదే కాగితంలో చేరితే, మధ్య ఎన్ని గంటలు గడిచిందో ఎవరైనా చూడగలుగుతారు.

ప్రాణాలు పోని చిన్న ఢీలలో ఈ చిక్కు కూడా లేదు. అయినా రెండు కార్లూ నడిరోడ్డు మీదే ఆగిపోతాయి, డ్రైవర్లు అరగంట వాదించుకుంటారు. బండి కదిపితే క్లెయిమ్ పోతుందన్న అపోహ దీనికి కారణం. నాలుగు వైపులనుంచి ఫొటోలు, నంబరు ప్లేట్లు, రోడ్డు కనిపించేలా ఒక వీడియో ఉంటే క్లెయిమ్‌కు అవి చాలా బలమైన ఆధారం. ఈ మాట పాలసీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చువేయమని బీమా కంపెనీలను ఆదేశించటం నియంత్రణ సంస్థకు ఒక సర్క్యులర్ పని.

ట్యాంకర్ల సంగతి కొంత మెరుగు. యాసిడ్, గ్యాస్ వంటి ప్రమాదకర సరుకు తీసుకెళ్లే బండి మీద ఆ సరుకు పేరు, అత్యవసర ఫోన్ నంబరు ఉండాలని, ప్రమాదం జరిగితే డ్రైవరు దగ్గర్లోని పోలీసు స్టేషనుకు చెప్పాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తప్పు రుజువు చేయనక్కర్లేకుండానే పరిహారం ఇప్పిస్తుంది. ఇసుక, కంకర, ఇటుక టిప్పర్లకు ఇలాంటి క్రమశిక్షణ లేదు. టార్పాలిన్ కట్టని టిప్పరు రోజూ కొంచెం కొంచెంగా రోడ్డు మీద కంకర చల్లుకుంటూ పోతుంది. ఏ ప్రమాదమూ జరక్కుండానే అది మరో ప్రమాదానికి సరుకు సిద్ధం చేస్తుంది.

ఇన్ని చూశాక నా అభిప్రాయం ఇది. ఖర్చు యజమానిదే, అతని తరఫున బీమా కంపెనీది. దాని మీద పెద్ద వివాదం అక్కర్లేదు. గడువులోపు రోడ్డు శుభ్రమయిందో లేదో చెప్పవలసిన జవాబుదారీ రోడ్డు సంస్థది. కానీ చీపురు పట్టవలసిన చేయి మాత్రం ఒక్కటే ఉండాలి, అది బండిని ఎత్తుకెళ్లేవాడిది. నలుగురికి పంచిన బాధ్యత ఎవరూ మోయని బాధ్యత అవుతుందని మన రోడ్లే రోజూ చూపిస్తున్నాయి. క్రేన్లకు, టోయింగ్ బళ్లకు రవాణా శాఖ అనుమతి ఇచ్చేటప్పుడే చీపురు, పార, రెండు బస్తాల ఇసుక, మెరిసే జాకెట్లు ఉన్నాయో లేదో చూడాలి. టోయింగ్ బిల్లులో రోడ్డు శుభ్రం చేసినందుకు విడిగా ఒక పద్దు ఉండాలి, బీమా కంపెనీ దాన్ని చెల్లించాలి. క్రేన్ రాని చిన్న ప్రమాదాల్లో ఆ పని 112కు ఫోన్ అందిన వెంటనే మున్సిపాలిటీకో పంచాయతీకో వెళ్లాలి. ఇందులో చాలా భాగం రెండు తెలుగు రాష్ట్రాలూ కొత్త చట్టం కోసం చూడకుండా, అనుమతి షరతులతో, ఉత్తర్వులతో మొదలుపెట్టగలిగినదే.

అంతవరకు మనం చేయగలిగింది కొంత ఉంది. మీ కారు డిక్కీలోని త్రికోణాన్ని ఈ వారమే బయటికి తీసి, ఎలా నిలబడుతుందో చూసుకోండి. చిన్న ఢీ అయితే ఫొటోలు తీసి బండి పక్కకు పెట్టండి. గాజు, బంపర్ ముక్కలు మార్జిన్‌లోకి నెట్టకుండా ఒక సంచిలో వేసుకోండి. దారిలో రాళ్లో ఆయిల్ మరకో కనిపిస్తే సురక్షితంగా ఆగి 1033కో 112కో చెప్పండి. మీ బండినే క్రేన్ ఎత్తుకెళ్లే రోజు వస్తే, డబ్బులు చేతిలో పెట్టే ముందు రోడ్డు ఊడ్చి వెళ్లమని ఆ క్రేన్ అబ్బాయిని అడగండి, దానికి అదనంగా ఇవ్వవలసింది ఇవ్వండి.